పోటు ఎంత?

ఆ రోజు తెర మీద ఒక చెయ్యి ఆగిపోయింది.
ఆదోని ఆస్పత్రి గదిలోంచి
చెవులు వినపడని మనిషొకాయన
నొప్పి ఎక్కడో నాకు చూపిస్తున్నాడు.
చెయ్యి ఛాతీ మీంచి దిగుతూ దిగుతూ
గుండెకీ పొట్టకీ మధ్య
గాల్లో గడ్డకట్టింది.
"ఏమంటున్నాడమ్మా?" డాక్టరు అడుగుతున్నాడు.
ఆయన గొంతు ఖణీమని వినపడుతోంది.
చేతులు చదివి నోటితో చెప్పే పని నాది,
వినపడితే సరిపోదు.
అటు ఆయన తెర మీద నా చేతులూ
అలాగే కొయ్యబారి ఉంటాయి.

మా ఊరికి మూడువైపులా నీళ్లు,
నాలుగోవైపు రొయ్యల చెరువులు.
సిమ్ముతో అయితే డాబా మీద
ట్యాంకుకి తూర్పు పక్క మూరెడు చోటు బాగుంటుంది,
అదీ తెల్లారగట్ల.
సాయంత్రం ఏడు దాటితే ఊరంతా ఆ గాలినే పీలుస్తుంది,
నాకు మిగిలేవి రెండు గీతలు, బిక్కుబిక్కుమంటూ.

కంపెనీ కుర్రాడు ముమ్మిడివరం నుంచి బండి మీద వచ్చాడు.
"వంద కావాలా మేడమ్, రెండొందలా, మూడొందలా?"
తాండ్ర తూస్తున్నట్టు అడిగాడు.
సినిమాలు ఎన్నొస్తాయో చెప్పాడు.
"పైకి ఎంత పోతుంది బాబూ?"
"పైకంటే?"
నా చేతులు ఇక్కణ్ణించి అక్కడికి చేరాలి కదా అన్నాను.
రంగుల కాయితం వెనక్కి తిప్పాడు.
చుక్క గుర్తు పక్కన చీమతలంత అక్షరాలు.
"అదీ అంతేనండి," అన్నాడు,
అంతే అంటే ఎంతో చెప్పకుండా.

కేబులు ఏసుపాదం మర్నాడు నిచ్చెన భుజానేసుకొచ్చాడు.
వాళ్ల నాన్న రేవులో పంటు నడిపిన మనిషి.
అదే మాట అడిగాను.
చెవి మీది పెన్సిలు తీసి, మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు.
"పాటు ఎంతని అందరూ అడుగుతారండి.
పోటు ఎంతని ఈ పదేళ్లలో మీరే అడిగారు."

నిజమే. దిగే నీటికి ఆనకట్టుంది, లాకులున్నాయి, లస్కర్లున్నారు.
ఎదురెక్కే నీటిని
మొగ దగ్గర బతికేవాడే కనిపెట్టుకుంటాడు.

"పాటు యాభై ఇస్తానండి. పోటు ఇరవై.
ముప్పయ్యని చెప్పొచ్చు గానీ
వర్షాకాలంలో తిట్లు తినేది నేనే కదండీ, ఆయ్."

అప్పటికీ నమ్మలేదు. లైను చూపించమన్నాను.
చెప్పులు చేత్తో పట్టుకుని గట్టెంట నడిచాం.
బడి గోడ దగ్గర స్తంభం.
వానపల్లోళ్ల దొడ్లో కొబ్బరిచెట్టు, చెట్టుకి నైలాన్ తాడు.
చెరువు తవ్వే పొక్లెయిను పోయినేడు తెంపిన చోట
అతుకు మీద నల్ల టేపు, విరిగిన చేతికి కట్టులా.
ఉడత కొరికింది ఇంకోచోట.
"నీ సరుకులో లోపాలన్నీ నాకెందుకు చూపిస్తున్నావు?"
"తెగినప్పుడు ఎక్కడో ఇద్దరికీ తెలియాలి కదండీ."

ఏసుపాదం లైనే పెట్టించుకున్నాను.
సిమ్మూ ఉంచాను, ట్యాంకు పక్క మూరెడు చోటూ ఉంచాను,
ఒక రేవు మునిగితే ఇంకోటి.
ఇన్వర్టరు కోసం చీటీ పాడాను, నష్టానికే.

నవంబరు గాలివానకి లైను తెగనే తెగింది.
తొమ్మిదింటికొస్తానన్నవాడు
పదకొండున్నరకొచ్చాడు, మోకాళ్ల దాకా బురదతో.
ఆ రెండున్నర గంటలూ
ట్యాంకు గొట్టానికి గొడుగు కట్టుకుని
మదనపల్లెలో ఒక గర్భిణి చేతులు చదివాను.
ఆవిడ చెయ్యి పక్కటెముకల దగ్గర మొదలై
ఎక్కడా ఆగకుండా
కుడివైపు కిందికంటా దిగి
వేళ్లు ముడుచుకుంది.
"ఇక్కడటండి," అన్నాను.
గొడుగు తాడు తెంపుకుని చెరువు వైపు ఎగిరిపోయింది.
ఎప్పట్నించో అడగమన్నాడు డాక్టరు.
తడిచేతులు రెండూ పైకెత్తాను.